మేడ మీదికెక్కని వైఫై

ఇంటి నుంచి ఉద్యోగాలు మొదలయ్యాక మన ఇళ్లలో కొత్త వాస్తు ఒకటి పుట్టింది. దాని లెక్కలో ఈశాన్యం, ఆగ్నేయం లేవు. హాల్లో టీవీ పక్కన కూర్చుంటే మూడు గీతలు. వంటింటి గుమ్మం దగ్గర రెండు. పడగ్గదిలో తలుపు తీసి ఉంటే ఒకటి. మేడ మీద గదిలో మాత్రం తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. డాలస్ నుంచి కూతురు వీడియో కాల్ చేస్తే అమ్మమ్మను మంచం మీంచి లేపి హాల్లోకి నడిపించుకు రావాలి. ఈఏపీసెట్‌కు చదివే పిల్లాడు మెట్ల మీద కూర్చుని క్లాసు వింటాడు. ఆఫీసు పనికని మేడ మీద గది కట్టించుకున్న ఇంటాయన మీటింగ్ టైముకు లాప్‌టాప్ చంకన పెట్టుకుని కిందికి దిగుతాడు.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ఒకటే మందు. "సార్, మీది వంద ఎంబీపీఎస్ ప్లాన్ కదా, మూడు వందలకు మార్చుకోండి." మార్చుకుంటారు. హాల్లో స్పీడ్ టెస్ట్ చేస్తే అంకె బ్రహ్మాండంగా పెరుగుతుంది. మేడ మీద చక్రం మాత్రం మునుపటిలాగే తిరుగుతుంది. నెలనెలా బిల్లు పెరిగిందే తప్ప మెట్ల మీది పిల్లాడు మెట్ల మీదే ఉన్నాడు.

లోపం ప్లానులో లేదు, గోడల్లో ఉంది. గోడకు విరుగుడు కొత్త ప్లాను కాదు, ఖరీదైన డబ్బా కూడా కాదు. చాలా ఇళ్లలో ఆ మందు అటక మీదే పడి ఉంటుంది. పాత కంపెనీ కనెక్షన్ మానేసినప్పుడు మిగిలిన రౌటర్ ఒకటి, దానికో వైరు. చిక్కల్లా ఒక్కటే. ఆ రెండో రౌటర్‌ను రౌటర్‌లా పని చేయనివ్వకూడదు. ఈ సంగతి డబ్బా మీద రాసి ఉండదు, అమ్మినవాడు చెప్పడు.

తొమ్మిదంగుళాల గోడ

వైఫై ప్రమాణం తొలిసారి 1997లో వచ్చినప్పుడు దాని వేగం రెండు ఎంబీపీఎస్. అది సరిగ్గా పనిచేయడానికి అడ్డుపడినవాటిలో గోడలది పెద్ద పాత్ర. తరంగం ఫోనుకు నేరుగా చేరడమే కాదు, గోడకూ బీరువాకూ కిటికీ ఊచలకూ తగిలి, ఒక్కో ప్రతిధ్వని ఒక్కో క్షణంలో వచ్చి చేరుతుంది. అన్నీ కలిసి కలగాపులగం. ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓలో రేడియో ఖగోళ శాస్త్రం నుంచి వచ్చిన జాన్ ఓ సలివన్ బృందం ఈ ప్రతిధ్వనుల చిక్కును విప్పే పద్ధతి కనిపెట్టి, 1996లో అమెరికాలో పేటెంటు పొందింది. ఆ తర్వాత ప్రపంచంలోని పెద్ద పెద్ద కంప్యూటర్ కంపెనీలు ఆ పేటెంటు కోసం కోర్టు మెట్లెక్కి, చివరికి కోట్ల డాలర్లు చెల్లించాయి.

ప్రతిధ్వనిని గణితంతో గెలిచారు సరే. గోడ మింగేసిన శక్తిని మాత్రం ఏ గణితమూ తిరిగి ఇవ్వలేదు. మన ఇళ్లకు బయటి గోడ తొమ్మిదంగుళాల ఇటుక, లోపలి గోడ నాలుగున్నర. మేడకూ కిందికీ మధ్య ఇనుప ఊచల జాలీతో పోసిన స్లాబు. అమెరికా ఇళ్లలో లోపలి గోడలు ఎక్కువగా చెక్క చట్రం మీద జిప్సం బోర్డు కొట్టినవి. అక్కడి కంపెనీలు డబ్బా మీద ముద్రించే "ఇన్ని చదరపు అడుగులకు సరిపోతుంది" అన్న మాట మన సిమెంటు స్లాబు దగ్గర చెల్లదు. దానికి తోడు మనం రౌటర్‌ను ఎక్కడ పెడతాం? టీవీ వెనకాల, షోకేసు లోపల, లేదంటే ఇనుప బీరువా పక్కన. నెట్ బిగించడానికి వచ్చిన కుర్రాడికి వైరు ఎక్కడ లోపలికొస్తే అదే రౌటర్ స్థానం. వీధి వైపు కిటికీ పక్కన మేకుకు తగిలించి వెళ్తాడు. దాంతో సిగ్నల్లో సగం వీధిలో పోయేవాళ్ల పాలు.

యాంటెన్నా సంగతి కూడా ఉంది. నిలువుగా నిలబెట్టిన కడ్డీ తన చుట్టూ అడ్డంగా బలంగా ప్రసరిస్తుంది, నెత్తి మీదికి బలహీనంగా. అంటే సరిగ్గా రౌటర్ పైనున్న గదికే అన్నిటికంటే తక్కువ అందొచ్చు. రెండు కడ్డీలుంటే ఒకదాన్ని పడుకోబెట్టి చూడండి. ఖర్చు లేని వైద్యం, ఒక్కోసారి అదే సరిపోతుంది.

మన దేశం 2005 జనవరిలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని ఇంటా బయటా లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది. 5 గిగాహెర్ట్జ్‌లో విశాలమైన జాగా 2018 అక్టోబరులో తెరిచింది. మొదటిది నెమ్మది, గోడ దాటడంలో కాస్త నయం. రెండోది వేగం, గోడ దగ్గర నీరసం. ఫోను తెర మీది గీతల్ని నమ్ముకోవడం కంటే, సిగ్నల్ బలాన్ని అంకెల్లో చూపించే వైఫై అనలైజర్ యాప్ ఒకటి వేసుకుని ఇల్లంతా తిరిగితే మంచిది. అంకె మైనస్‌లో ఉంటుంది. మైనస్ 60 దిట్టం. మైనస్ 67 వరకు వీడియో కాల్ నిలబడుతుంది. మైనస్ 80 అంటే వాట్సాప్‌లో అక్షరాలు వెళ్తే గొప్ప. పది అంకెలు దిగితే శక్తి పదో వంతుకు పడిపోయినట్టు లెక్క. మైనస్ 60కీ మైనస్ 80కీ తేడా వంద రెట్లు.

గీతలు నిండుగా ఉన్నా మీ మాట అవతలివాళ్లకు తెగిపోతోందంటే కారణం వేరే. రౌటర్ ప్రసార శక్తి ఎక్కువ, బ్యాటరీ మీద బతికే ఫోనుది తక్కువ. వాళ్ల బొమ్మ మీకు చక్కగా కనిపిస్తుంది, మీ గొంతు మాత్రం వాళ్లకు చేరదు. అందుకే "ఎక్కువ పవరున్న రౌటర్ కొనండి" అన్న సలహా సగం పనికే వస్తుంది.

ప్లగ్గులో గుచ్చే డబ్బా

స్లాబు అవతల ఇంకో రేడియో పెట్టాల్సిందే. దానికి నెట్ అందించేది గాలా, వైరా అన్నదే ప్రశ్న.

గాలితో అయితే ప్లగ్గులో గుచ్చే రిపీటర్ దొరుకుతుంది. సుఖం. కానీ ఒకే రేడియో ఉన్న రిపీటర్, విన్న ప్రతి మాటనూ మళ్లీ అదే దారిలో చెప్పాలి. వినేటప్పుడు చెప్పలేదు, చెప్పేటప్పుడు వినలేదు. వేగం అక్కడే సుమారు సగానికి పడుతుంది. పైగా జనం దాన్ని సిగ్నల్ లేని గదిలోనే గుచ్చుతారు. దానికే అందనిది అది ఇంకొకరికేం పంచుతుంది? రిపీటర్ ఉండాల్సింది సిగ్నల్ ఇంకా బాగున్న చోట, అంటే మెట్ల మలుపులో. అక్కడ ప్లగ్ పాయింటు ఉండదు, అది వేరే కథ.

మెష్ అని అమ్మే జంట డబ్బాల్లో మంచివాటికి తమలో తాము మాట్లాడుకోవడానికి వేరే రేడియో ఉంటుంది. ఆ రేడియో కూడా స్లాబులోంచే దూరాలి. ఆ డబ్బాల వెనక వైరు పెట్టే రంధ్రం ఉంటుంది, దాన్ని వాడితే అప్పుడు అవి నిజంగా బాగుంటాయి. కరెంటు వైర్ల మీదే నెట్ పంపే అడాప్టర్లున్నాయి. మూడు ఫేజుల మీటరున్న ఇంట్లో కింది పాయింటు ఒక ఫేజు మీద, పైది ఇంకో ఫేజు మీద ఉంటే అవి సరిగ్గా పలకరించుకోవు.

అద్దె ఇల్లు, గోడకు మేకు కొట్టనివ్వని యజమాని, నిజంగా వైరు లాగలేని పరిస్థితి. అలాంటప్పుడు ఇవన్నీ సరే. మిగతా అందరికీ నా ఓటు వైరుకే.

వైరు

ఈ వైరు మీద మనవాళ్లకు చిన్నచూపు. వేల రూపాయల రౌటర్ కొని, వైరు దగ్గర "ఏదో ఒకటి ఇవ్వండి" అంటారు. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అయినా, మీ ఊరి మొబైల్ షాపులో అయినా అడగాల్సింది క్యాట్ 6, లేదా కనీసం క్యాట్ 5ఈ, లోపల నిఖార్సైన రాగి. చవగ్గా దొరికేది చాలావరకు రాగి పూత పూసిన అల్యూమినియం. తీగను బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే అది అల్యూమినియమే. వంచితే తొందరగా విరుగుతుంది, పిన్ దగ్గర పట్టు వదిలేస్తుంది, ఆర్నెల్ల తర్వాత నెట్ వచ్చి పోతుంటే కారణం దొరకదు.

రాగి వైరు వంద మీటర్ల వరకు పనిచేస్తుంది, అంత పెద్ద ఇల్లు మనలో ఎవరికీ లేదు. లోపల ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున మెలిపెట్టి నాలుగు జతలు. వంద ఎంబీపీఎస్‌కు రెండు జతలు చాలు, గిగాబిట్‌కు నాలుగూ కావాలి. గిగాబిట్‌కు మాత్రమే వాడే ఆ మిగతా రెండు జతల్లో ఒక్క తీగ తెగితే నెట్ సాధారణంగా ఆగదు, గుట్టుగా వందకు దిగిపోతుంది. మూడు వందల ప్లానుకు డబ్బు కడుతూ తొంభై నాలుగు దగ్గర ఆగిపోయిన ఇళ్లు చాలా చూడొచ్చు. ముందు వైరును అనుమానించాలి, తర్వాత పాత రౌటర్ రంధ్రాలను. కొన్నేళ్ల కిందటి చవక డబ్బాలకు వంద ఎంబీపీఎస్ రంధ్రాలే ఉంటాయి.

పిన్ కొట్టేటప్పుడు రంగుల వరస ముఖ్యం. తెల్ల నారింజ, నారింజ, తెల్ల ఆకుపచ్చ, నీలం, తెల్ల నీలం, ఆకుపచ్చ, తెల్ల గోధుమ, గోధుమ. రెండు చివర్లా ఇదే. "ఏ వరసైనా రెండు వైపులా ఒకటే అయితే చాలన్నా" అనే కుర్రాళ్లుంటారు. చిన్న ముక్కకు అది నడుస్తుంది. ఇరవై మీటర్లకు జతలు చెదిరి, పక్క తీగ మాట ఈ తీగలో వినిపించి, వేగం కుంటుతుంది. మెలిక వేసింది ఊరికే కాదు.

ఈ వైరును కరెంటు వైర్లున్న పైపులోనే దూర్చేద్దామని ఎలక్ట్రీషియన్ అంటే ఒప్పుకోవద్దు. 230 వోల్టుల వైరు తోలు ఊడి నెట్ వైరుకు తగిలితే పోయేది రౌటర్ ఒక్కటే కాదు. బయటి గోడ వెంట లాగితే ఎండకు తట్టుకునే నల్ల తొడుగు వైరు తీసుకోవాలి. తొలకరి పిడుగులకు ఇలాంటి రాగి వైర్ల వెంటే రంధ్రాలు కాలిపోతుంటాయి. వీధిలోంచి వచ్చే ఫైబర్ గాజు, అందులో కరెంటు పారదు. మనం మేడకు లాగింది రాగి. ఇంటి లోపలి దారి ఉంటే అదే మేలు.

నంబర్లిచ్చేది ఒక్కరే

ఇక అసలు కిటుకు. మనం రౌటర్ అని పిలిచే డబ్బాలో నాలుగు పనులు కలిసి ఉన్నాయి. బయటి నెట్‌కూ ఇంటికీ మధ్య చిరునామాలు మార్చడం ఒకటి. ఇంట్లోని ప్రతి ఫోనుకూ టీవీకీ ఒక నంబరివ్వడం రెండోది, దీన్నే డీహెచ్‌సీపీ అంటారు. వైరు రంధ్రాలను ఒకదానితో ఒకటి కలపడం మూడు. వైఫై రేడియో నాలుగు. మేడ మీది డబ్బా నుంచి మనకు కావాల్సింది చివరి రెండే. మొదటి రెండూ కింది డబ్బా చేస్తోంది. పైది కూడా చేస్తానంటే గొడవ.

ఆ గొడవ రెండు రకాలు. కింది రౌటర్ లాన్ రంధ్రం, అంటే ఇంట్లోని వైర్లు పెట్టే రంధ్రం నుంచి వైరు తెచ్చి పైదాని వాన్ రంధ్రంలో, అంటే రంగు వేరుగా ఉండే దాంట్లో పెడితే ఇంట్లో రెండు నెట్‌వర్కులు పుడతాయి. నెట్ వస్తుంది, యూట్యూబ్ ఆడుతుంది. కానీ కింద ఉన్న ఫోనుకు మేడ మీది ప్రింటర్ కనిపించదు, హాల్లో నుంచి పై గది టీవీకి సినిమా పంపలేరు, ఆటలాడే పిల్లలు ఏవేవో ఎర్రర్ల గురించి విసుక్కుంటారు. రెండు డబ్బాలూ పుట్టుకతో 192.168.1.1 అన్న ఒకే చిరునామాతో వచ్చుంటే నెట్టే రాకపోవచ్చు. అలా కాకుండా లాన్ నుంచి లాన్‌కు కలిపి, పైదాంట్లో డీహెచ్‌సీపీ ఆపకపోతే రెండో రకం. ఇంట్లో నంబర్లిచ్చేవాళ్లు ఇద్దరవుతారు. ఎవరు ముందు పలికితే ఫోను వాళ్ల నంబరు పుచ్చుకుంటుంది. ఇద్దరూ ఒకే నంబరు రెండు ఫోన్లకు ఇస్తారు, లేదా పై డబ్బా "బయటికి దారి నేనే" అని అబద్ధం చెబుతుంది. పొద్దున బాగుంటుంది, సాయంత్రం పోతుంది. ఇంట్లో ఒకరికి వస్తుంది, ఇంకొకరికి రాదు. ఇదే అన్నిటికంటే విసిగించే రోగం.

సరైన పద్ధతి ఇదీ. పాత రౌటర్ వెనక పిన్నుతో నొక్కే సన్నటి రంధ్రం ఉంటుంది. కరెంటిచ్చి పది సెకన్లు నొక్కి పడితే పాత సెట్టింగులన్నీ పోతాయి. దాన్ని ఇంకా కింది రౌటర్‌కు కలపకుండా, లాప్‌టాప్‌ను దానికొక్కదానికే తగిలించి, కింద స్టిక్కరు మీదున్న చిరునామాతో లోపలికి వెళ్లండి. మెనూలో యాక్సెస్ పాయింట్ మోడ్ అని ఉంటే అదృష్టం. అది ఎంచుకుంటే మిగతాదంతా తనే సర్దుకుంటుంది, సాధారణంగా వైరు వాన్ రంధ్రంలోనే పెట్టొచ్చు. లేకపోతే చేత్తో చేయాలి. ముందు వైఫై పేరు, పాస్‌వర్డు. తర్వాత దాని లాన్ చిరునామా. కింది రౌటర్ 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వండి. కింది రౌటర్ ఫోన్లకు పంచే వరసలో ఈ నంబరు లేకుండా, ఆ వరసను వంద నుంచి రెండు వందల దాకా అని కుదించుకుంటే నిశ్చింత. సేవ్ చేసి, కొత్త చిరునామాతో మళ్లీ లోపలికెళ్లి, చిట్టచివర డీహెచ్‌సీపీ ఆపేయండి. అప్పుడు వైరు కింది లాన్ నుంచి పై లాన్‌కు. వాన్ రంధ్రం ఖాళీ. అది ఖాళీగా ఉంటే చాలామందికి మనసొప్పదు, "ఇంటర్నెట్" అని రాసి ఉంటుంది కదా. రాసి ఉన్నా పెట్టొద్దు.

మిగిలిన వైరు ముక్క కనిపించిందని ఆ రెండు డబ్బాల మధ్యే ఇంకో వైరు కూడా కలపొద్దు. నెట్ రెట్టింపు కాదు, అందరికీ ఉద్దేశించిన ఒక్కో సందేశం రెండు దారుల్లో గుండ్రంగా తిరుగుతూ పెరిగిపోయి ఇంటి నెట్ మొత్తం కుప్పకూలుతుంది, లైట్లన్నీ పిచ్చెక్కినట్టు మినుకుతాయి. ఇలాంటి వలయాలను యంత్రాలే కనిపెట్టి ఒక దారి మూసుకునే పద్ధతిని రేడియా పెర్ల్‌మన్ 1985లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేస్తూ రూపొందించారు. ఆఫీసుల్లోని స్విచ్చులు నేటికీ దాని పుణ్యాన నడుస్తున్నాయి. ఇళ్లలో వాడే చవక రౌటర్లలో చాలావాటికి ఆ తెలివి ఉండదు.

పేరు ఒకటా, రెండా?

పై వైఫైకి వేరే పేరు పెడితే ఎక్కడున్నామో తెలుస్తుంది గానీ, మెట్లెక్కిన ప్రతిసారీ చేత్తో మార్చుకోవాలి. పేరూ పాస్‌వర్డూ రెండింటికీ ఒకటే పెడితే ఫోను తనంతట తానే మారుతుంది. ఎప్పుడు మారాలన్నది రౌటర్ చేతిలో లేదు, ఫోను ఇష్టం. ఐఫోను మైనస్ 70 దాటి పడిపోతే గానీ ఇంకోదాన్ని వెతకదు. కొన్ని ఫోన్లు అంతకంటే మొండివి, పక్కనే పై రౌటర్ ఉన్నా కిందిదాన్నే పట్టుకు వేలాడతాయి. మందు తలకిందులుగా ఉంటుంది. కింది రౌటర్ ప్రసార శక్తిని మెనూలో కొంచెం తగ్గించాలి. 2.4 గిగాహెర్ట్జ్‌లో కిందిదానికి ఒకటో ఛానెల్, పైదానికి పదకొండో ఛానెల్ పెడితే ఒకదాని మీద ఒకటి పడవు. అపార్టుమెంటులో అయితే పక్క ఫ్లాటువాళ్లు ఏ ఛానెల్లో ఉన్నారో చూసుకుని ఎంచుకోవాలి.

మేడ మీద అద్దెకున్నవాళ్లకు ఇదే నెట్ ఇచ్చేవాళ్లు ఒక సంగతి గమనించాలి. "వాళ్లకు వేరే రౌటర్ పెట్టి వాన్‌లో కలిపాం, మావి వాళ్లకు కనపడవు" అనుకుంటారు. నిజానికి జరిగేది తిరగబడి. లోపలి రౌటర్ వెనకున్నవాళ్లు బయటి నెట్‌వర్కును చూడగలరు, బయటివాళ్లు లోపలివాళ్లను చూడలేరు. అంటే మీ సీసీ కెమెరా పెట్టె వాళ్లకు అందుతుంది, వాళ్ల ప్రింటర్ మీకు అందదు. ఇలాంటివాటికి కింది రౌటర్లోనే గెస్ట్ నెట్‌వర్క్ ఉంటుంది, అది చాలా నయం. ఏం పెట్టినా కనెక్షన్ మీ పేరున ఉంది. అందులో ఎవరు ఏం చేసినా మొదట అడిగేది మిమ్మల్నే.

అటక మీది రౌటర్ ఎంత పాతదో కూడా చూడాలి. సెక్యూరిటీ జాబితాలో డబ్ల్యూఈపీ తప్ప ఇంకేం లేకపోతే పాత ఇనుప సామాన్లవాడికిచ్చేయండి, 2001లోనే దాని తాళం విరిగింది. డబ్ల్యూపీఏ2 ఉంటే పనికొస్తుంది. డబ్ల్యూపీఎస్ అనే బటన్ సదుపాయాన్ని ఆపేయడం మంచిది, దాని పిన్ నంబరును ఊహించి కనుక్కోవచ్చని 2011లో బయటపడింది. పాత కంపెనీ ఇచ్చిన డబ్బా అయితే అది మీదో, డిపాజిట్ తిరిగిస్తే వెనక్కివ్వాల్సిందో ముందు తేల్చుకోండి. ఫైబర్ గుచ్చే డబ్బా అయినా ఫరవాలేదు. ఆకుపచ్చ పిన్ రంధ్రం మూసి ఉంచి లాన్ రంధ్రాలు వాడుకోవచ్చు. కొన్నిటిలో మాత్రం కంపెనీ మెనూకు తాళం వేసి ఉంచుతుంది.

కరెంటు ఖర్చు భయపడేంత కాదు. పది వాట్ల డబ్బా రాత్రింబవళ్లు వెలిగినా నెలకు ఏడు యూనిట్లు. కరెంటు పోయినప్పుడే అసలు తిప్పలు. కింది రౌటర్‌కు చిన్న యూపీఎస్ కొని, పైదాన్ని మరిచిపోతారు. రెండూ ఇన్వర్టర్ లైను మీద ఉంటేనే మేడ మీది మీటింగ్ ఆగదు. రెండింటి అడాప్టర్లూ చూడ్డానికి ఒకేలా ఉండి, ఒకటి తొమ్మిది వోల్టులు, ఇంకోటి పన్నెండు కావచ్చు. వాటి మీద మార్కర్‌తో పేరు రాసి పెట్టుకోండి.

ఇల్లు కడుతున్నవాళ్లకు

ఈ కథలో ఎక్కువ ఖర్చూ ఎక్కువ తిట్లూ వైరు లాగే దగ్గరే. ఫ్యానుకు, ఏసీకి, గీజరుకు, పూజ గదిలో దీపానికి కూడా ముందే పైపు వేయించుకుంటాం. నెట్‌కు మాత్రం గృహప్రవేశం అయ్యాక, రంగులు వేశాక, గోడ వెంట తెల్ల క్లిప్పులు కొట్టుకుంటూ వస్తాం. స్లాబు పోసే ముందు కడ్డీలు కట్టిన రోజే ఎలక్ట్రీషియన్ పైపులు పరుస్తాడు. ఆ రోజు మేస్త్రీ దగ్గర నిలబడి, వీధి వైపు నుంచి హాలుకు ఒకటి, హాలు నుంచి మేడ మీద గది సీలింగుకు ఒకటి, పెంట్‌హౌస్ కట్టే ఆలోచన ఉంటే అక్కడికి ఇంకొకటి, కరెంటు పైపులతో కలవకుండా అంగుళం పైపులు వేయించండి. మలుపుల దగ్గర గుండ్రటి బెండ్లు, కోణపు ఎల్బోలు వద్దు, వైరు అక్కడే ఇరుక్కుంటుంది. సిమెంటు పాలు లోపలికి పోకుండా రెండు చివర్లూ గుడ్డ ముక్కతో మూయించి, ప్రతి పైపులో ఒక సన్నని బైండింగ్ వైరు ఈ చివర నుంచి ఆ చివరకు వదిలి పెట్టమనండి. రేపు వైరు లాగేవాడికి అదే ఆధారం.